తోడేలు నోట్లో చెయ్యి

ఆ ఆఫీసులో అందరికంటే విలువైన మనిషి ఆట రానివాడు.

వీడియో గేములు తయారుచేసే చోట ఈ మాట వింతగానే ఉంటుంది. కానీ పని అలాంటిది. ఒక ఆటను తయారుచేసేవాళ్ళు రోజూ దాన్నే ఆడి ఆడి ఆరితేరిపోతారు. కళ్ళు మూసుకుని గెలుస్తారు. వాళ్ళకు నల్లేరు మీద నడకైనది బయటివాళ్ళకు కొరకరాని కొయ్య కావచ్చు. ఆ సంగతి తయారుచేసినవాళ్ళకే తెలియదు. అందుకని ఎప్పటికప్పుడు ఆ ఆట మొహం ఎరగని మనిషిని పట్టుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, కంట్రోలర్ చేతికిచ్చి, వెనక నిలబడి చూస్తారు. ఆ మనిషిని 'కొత్త చేయి' అంటారు. కొత్త చేయి ఒక్క పూటే కొత్త. మర్నాడు మళ్ళీ కూర్చోబెడితే అది పాత చేయే. ఇంకో నియమం కూడా ఉంది. కొత్త చేయి ఆడుతున్నంతసేపూ వెనక నిలబడ్డవాళ్ళు పెదవి విప్పకూడదు. ఆ మనిషి దారి తప్పినా, గోడకేసి తల బాదుకుంటున్నా, 'అటు కాదు, ఇటు' అనకూడదు. ఆట కొనుక్కున్న ప్రతివాడి ఇంటికీ వెళ్ళి చెవిలో చెప్పలేరు కదా.

ఆఫీసు పై అంతస్తులో ఉంది. మధ్య అంతస్తులో బట్టలు కుట్టేవాళ్ళు, కింద పళ్ళ డాక్టరు. ఆ మేడలో కొత్త చేతులు దాదాపు అయిపోయాయి. వాచ్‌మన్ ఆడేశాడు. కుట్టుపనివాళ్ళు వరసగా అందరూ ఆడేశారు. వాళ్ళలో ఒకామె తోడేలును చూడగానే కంట్రోలర్ బల్ల మీద పెట్టి, "నాకు చిన్నపిల్లలున్నారు బాబూ" అని లేచి వెళ్ళిపోయింది.

చిక్కంతా ఆ తోడేలుతోనే వచ్చింది.

ఉత్తరాన మంచుదేశాల వాళ్ళ పురాణాల్లో దాని పేరు ఫెన్రిర్. పిల్లగా ఉన్నప్పుడు దేవుళ్ళే ముద్దుచేసి పెంచుకున్నారు. అది పెరిగింది. ఇంకా పెరిగింది. నోరు తెరిస్తే కింది దవడ నేలకూ పై దవడ ఆకాశానికీ ఆనేంత అవుతుందని తెలిసి దేవుళ్ళకు వణుకు పుట్టింది. ఇనుప గొలుసులు వేస్తే ఒళ్ళు విరుచుకుని తెంపేసింది. అప్పుడు పిల్లి అడుగుల చప్పుడు, చేప ఊపిరి, కొండల వేళ్ళు, ఇలా లోకంలో దొరకని వస్తువులన్నీ కలిపి పట్టుదారమంత సన్నటి తాడు ఒకటి పేనించారు. తోడేలు వెర్రిది కాదు. 'ఇందులో మోసం లేదంటే మీలో ఒకరు నా నోట్లో చెయ్యి పెట్టండి, అప్పుడు కట్టించుకుంటాను' అంది. ఒక్క దేవుడు ముందుకొచ్చి కుడిచెయ్యి పెట్టాడు. తాడు బిగిసింది. తోడేలు దొరికింది. చెయ్యి పోయింది.

ఈ కథను ఆటగా మార్చింది ఆ ఆఫీసులో పనిచేసిన అన్నయ్య, మన కథలోని చెల్లెమ్మకు సొంత అన్న. ఆ ఆటలో ఫెన్రిర్‌ను కత్తితో ఎంత నరికినా చావదు. అలిసిపోతుంది, అంతే. అలిసిపోయాక నోరు తెరిచి నిలబడుతుంది. అప్పుడు ఆడేవాళ్ళు కత్తి వదిలేసి, అంతదాకా తలుపులు తియ్యడానికీ దీపాలు అందుకోవడానికీ వాడుతూ వచ్చిన మీటనే నొక్కి, దాని నోట్లో చెయ్యి పెట్టాలి. ఇంకే దారీ లేదు.

"నోట్లో వేలు పెడితే కొరకలేనివాడివి. చెయ్యి పెడితే కొరికేసే జంతువుని ఎట్లా పుట్టించావురా?" అని మేస్త్రి అప్పట్లో అన్నయ్యను ఆటపట్టించేవాడు. మేస్త్రి అంటే ఆ ఆఫీసు యజమాని. అందరికంటే ముందొచ్చి అందరికంటే ఎక్కువ అరుస్తాడని ఆ పేరు.

అన్నయ్య తన చెల్లెల్ని కూడా అక్కడే పనిలో పెట్టాడు. బొమ్మలకు కదలిక నేర్పడం ఆమె పని. తోడేలు ఎలా దూకుతుంది, ఏ కాలు ముందు వేస్తుంది, చెవులు ఎప్పుడు నిక్కుతాయి, ఇవన్నీ ఆమె చేతిలోంచి రావాలి. అన్నయ్య పిలిచినట్టే అందరూ ఆమెను చెల్లెమ్మ అనేవారు. చలికాలం మొదట్లో జ్వరమని పడుకున్న అన్నయ్య మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత కూడా ఆఫీసులో ఆమెను చెల్లెమ్మ అనే పిలిచారు. ఆమె తన పని తాను చేసుకుపోయింది. ముఖ్యంగా తోడేలు పని.

ఆ రోజు పొద్దున్నే పార్సిల్ తెచ్చినతన్ని వాచ్‌మన్ మెట్లమీదే పట్టేశాడు. అతను హెల్మెట్ చేత్తో పట్టుకునే లోపలికొచ్చి, "ఊరికే ఆడుకోమంటున్నారా? ఇదేదో బావుందే" అని కూర్చున్నాడు. గట్టివాడే. మంచు మైదానం దాటాడు, గుహ తలుపు తెరిచాడు, ఫెన్రిర్ ఎదట పడ్డాడు. కత్తితో చెడుగుడాడాడు. తోడేలు అలిసింది. నోరు తెరిచింది.

వెనక నిలబడ్డవాళ్ళు ఒకడుగు ముందుకు జరిగారు.

అతను వెనక్కి ఒక్క దూకు దూకి పరుగు లంకించుకున్నాడు. తోడేలు వెంటపడి మింగేసింది. మళ్ళీ ఆడాడు. మళ్ళీ పరుగు. నాలుగోసారి మింగించుకున్నాక హెల్మెట్ తలకు పెట్టుకుంటూ, "అన్నా, దీన్ని చంపడం మనిషివల్ల కాదు. ఎవడు చేశాడోగానీ కసి మీద చేశాడు" అని వెళ్ళిపోయాడు.

మేస్త్రి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి అరవలేదు. అందుకే చెల్లెమ్మకు భయం వేసింది.

"చెల్లెమ్మా, ఆట రేపు పొద్దున అమ్మకానికి పంపించేయాలి. ఆ తర్వాత ఒక్క వెంట్రుక కూడా మార్చలేం. ఇప్పటిదాకా ఒక్క కొత్త చెయ్యీ దాని నోట్లోకి పోలేదు. కత్తితో పొడిస్తే చచ్చే తోడేల్ని పెట్టేద్దాం. పూట పని."

"అలా చస్తే అది అన్నయ్య తోడేలు కాదు మేస్త్రీ."

"నాకు తెలీదా? వాడు పోయాక నేను దీన్ని ముట్టుకున్నానా? కానీ ఆడేవాళ్ళు ఇక్కడే ఆగిపోయి కంట్రోలర్ గిరవాటేస్తే, వాడి మిగతా ఆటంతా ఎవరు చూస్తారు? సగం ఆట ఈ తోడేలు తర్వాతే ఉంది."

మూల కూర్చున్న చప్పుళ్ళాయన గొంతు సవరించుకున్నాడు. ఆటలో వినబడే శబ్దాలన్నీ ఆయనవే. "ఇవాళ సాయంత్రం దాకా చూద్దాం మేస్త్రీ. ఒక్క చెయ్యి, ఒక్కటంటే ఒక్కటి, మన సాయం లేకుండా దాని నోట్లోకి పోతే తోడేలు ఉంటుంది. లేదంటే మీ ఇష్టం."

మేస్త్రి చెల్లెమ్మ వైపు చూశాడు. ఆమె తలూపింది. అలా తాడో పేడో సాయంత్రానికి వచ్చింది.

మధ్యాహ్నం పళ్ళ డాక్టరు పైకొచ్చాడు. భోజనానికి క్లినిక్ మూసేసి, రోజూ వాచ్‌మన్ బతిమాలుతుంటే కాదనలేక వచ్చాడు. తెల్లకోటు విప్పకుండానే కూర్చున్నాడు.

"నేను ఇలాంటివి ఎప్పుడూ ముట్టుకోలేదు. పాడైతే నాది పూచీ కాదు."

"మీలాంటివాళ్ళే కావాలి డాక్టరుగారూ," అన్నాడు మేస్త్రి, పెళ్ళిచూపుల్లో మామగారిలా నవ్వుతూ.

డాక్టరు ఆట చూసి చప్పుళ్ళాయన మొహం తిప్పుకోవలసి వచ్చింది. మంచులో వెళ్ళాల్సినవాడు చెరువులో పడ్డాడు. గుహ తలుపుకి వీపు పెట్టి నడిచాడు. ఫెన్రిర్ మొదటి దెబ్బకే మింగింది. రెండో దెబ్బకీ మింగింది. "ఓహో, మీరు పళ్ళు బాగానే వేశారు. కాకపోతే కోరలు ఒక రెండు ఎక్కువున్నాయి," అన్నాడాయన. నెమ్మదిగా చెయ్యి తిరిగింది. గుండ్రంగా తిరుగుతూ, ఎలాగో ఒకలా దాన్ని అలిసిపోయేలా చేశాడు. తోడేలు నోరు తెరిచింది.

డాక్టరు ఒక్క క్షణం ముందుకు వంగాడు. మీట నొక్కాడు. తెరమీద చెయ్యి నేరుగా ఫెన్రిర్ నోట్లోకి వెళ్ళింది.

చప్పుళ్ళాయన ఎగిరి గంతేశాడు. వాచ్‌మన్ చప్పట్లు చరిచాడు. చెల్లెమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. మేస్త్రి మాత్రం నుదురు రుద్దుకున్నాడు.

"లెక్కలోకి రాదు," అన్నాడు.

"అదేంటి మేస్త్రీ, పెట్టాడుగా" అని చప్పుళ్ళాయన ఎదురు తిరిగాడు.

"ఆయన పళ్ళ డాక్టరయ్యా! నోరు తెరిస్తే చెయ్యి పెట్టడం ఆయన పొట్టకూడు. ఆట కొనేవాళ్ళందరూ పళ్ళ డాక్టర్లా?"

అందరూ నవ్వారు, డాక్టరు కూడా. చెల్లెమ్మ నవ్వలేదు. డాక్టరు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"డాక్టరుగారూ, మిగతావాళ్ళు ఎందుకు పారిపోతున్నారంటారు?"

ఆయన ఆలోచించాడు. "నా దగ్గర కుర్చీలో నోరు తెరిచే మనిషి కదలడమ్మా. కదలకుండా తెరిస్తేనే చూడమన్నట్టు. మీ తోడేలు నోరు తెరుస్తూనే తల విదిలిస్తోంది, గోళ్ళతో నేల గీరుతోంది, సొల్లు కారుస్తోంది. రమ్మంటోందో మింగుతానంటోందో దానికే తెలియనట్టుంది. నాకు అలవాటు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేనూ పరిగెత్తేవాణ్ణే."

ఆయన కిందికి వెళ్ళిపోయాడు. చెల్లెమ్మ తన కంప్యూటర్ ముందుకెళ్ళింది.

ఆ ఆఫీసులో ఏ బొమ్మనైనా ఎన్నిసార్లు మారిస్తే అన్ని పాత రూపాలూ భద్రంగా ఉంటాయి. చలికాలానికి ముందు అన్నయ్య పక్కన కూర్చుని చూసి సరేనన్న రూపాన్ని ఆమె తెరకు ఎడమవైపు పెట్టింది. ఇప్పటిదాన్ని కుడివైపు పెట్టింది. రెండింటినీ ఒకేసారి కదిలించింది.

కుడివైపు తోడేలు నిజంగా అద్భుతంగా ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది. మెడ మీద వెంట్రుకలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. కళ్ళలో నిప్పులు. ఆ వెంట్రుకలు, ఆ నిప్పులు, ఆ సొల్లు, తల విదిలింపు, నేల మీద గోళ్ళు, అన్నీ అన్నయ్య పోయాక ఆమె పెట్టినవే. రోజూ ఒకటి చేర్చింది. చేర్చడానికి ఏమీ లేనినాడు వెతికి చేర్చింది. ఇంకా కొంచెం పని మిగిలి ఉందంటే ఆమెకు ఊపిరాడేది.

ఎడమవైపు తోడేలు నోరు తెరిచి, చెవులు వాల్చి, ఊరికే నిలబడి ఉంది. చూస్తోంది. అడుగుతోంది.

ఆమె కొంతసేపు రెండింటినీ చూసింది. తర్వాత చేతులు చకచకా కదిలాయి. నిప్పులు తీసేసింది. సొల్లు తీసేసింది. గోళ్ళు ఆపింది. మేస్త్రి ఆమె వెనకాలకొచ్చి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ మెడ వెంట్రుకలకే నువ్వు కళ్ళు పోగొట్టుకున్నంత పని చేశావు. తీసేస్తావా?"

"దూకేటప్పుడు ఉంటాయి మేస్త్రీ. నోరు తెరిచినప్పుడు వద్దు." ఆమె తల తిప్పలేదు. "బాబాయ్, తోడేలుకు మీరు పెట్టిన గుర్రుమనే చప్పుడు కూడా ఆపాలి."

చప్పుళ్ళాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "తల్లీ, ఆ గుర్రు కోసం ఖాళీ నీళ్ళ డ్రమ్ములో తలపెట్టి అరిచాను. వారం రోజులు ఇంట్లో నా గొంతు ఎవరూ గుర్తుపట్టలేదు."

"పోట్లాట అంతా గుర్రు ఉండనీండి. ఇక్కడ మాత్రం ఒట్టి ఊపిరి."

"ఊపిరేనా?"

"లోపలికీ బయటికీ. నెమ్మదిగా."

ఆయన గొణుక్కుంటూనే మైకు ముందు పెట్టుకుని తన ఊపిరే రికార్డు చేశాడు. వినిపించాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గదిలో ఇంకో ప్రాణి ఉన్నట్టే ఉంది.

తోడేలు సిద్ధమయ్యేసరికి కిటికీలో ఎండ ఏటవాలుగా పడింది. ఇక కొత్త చేయి కావాలి. మేడలో లేదు. వాచ్‌మన్ వీధిలో నలుగుర్ని అడిగి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. చెల్లెమ్మకు ఒక్క మనిషి మిగిలింది. ఫోన్ తీసింది, పెట్టేసింది, మళ్ళీ తీసింది.

వదిన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఆఖరి క్లాసు ముగించి, ఆ స్కూలు కారులోనే వచ్చింది. అన్నయ్య పోయాక ఈ ఆఫీసు గడప తొక్కడం ఇదే మొదటిసారి. గుమ్మంలో నిలబడి, అన్నయ్య కూర్చునే చోటు వైపు ఒక్కసారి చూసి, కళ్ళు మరల్చుకుంది.

"ఏదీ, నా సవతి?"

మేస్త్రి గబగబా కుర్చీ తుడిచాడు. వదినే నవ్వింది. "కాదా మరి? ఇంట్లో కూర్చున్నా దాని ధ్యాసే. అన్నం కలుపుతూ, 'ఇది ఎటునుంచి దూకితే బావుంటుందంటావ్' అనేవాడు. అందుకే ఇన్నాళ్ళూ దాని మొహం చూడలేదు. ఏమ్మాయ్, చూస్తే తప్పదంటావా?"

"నీ ఇష్టం వదినా. నువ్వొక్కదానివే ఉన్నావు."

"అయితే పట్రా."

ఆమె కూర్చుంది. కంట్రోలర్‌ను స్టీరింగులా పట్టుకుంది. మిగతావాళ్ళు వెనక నిలబడ్డారు. ఇక మాటల్లేవు.

మంచు మైదానం. వదిన దాన్ని నెమ్మదిగా, మలుపు మలుపుకీ ఆగి అటూ ఇటూ చూసుకుంటూ దాటింది. గుహ ముందు తలుపు తియ్యడానికి మీట వెతుక్కుంది, దొరికింది. తలుపు తెరుచుకుంది. చీకట్లో రెండు కళ్ళు వెలిగాయి. కొండ కదిలినట్టు ఫెన్రిర్ లేచింది.

"అమ్మ బాబోయ్, ఇంత ఉందా?" అంటూ ఆమె కుడికాలు బల్ల కింద నేలను గట్టిగా తొక్కింది. లేని బ్రేకు.

తోడేలు దూకింది. మింగింది.

"సరే, మొదటిసారి కదా." మళ్ళీ. ఈసారి పక్కకు తప్పుకుంది, రెండు దెబ్బలు వేసింది, కాలు బ్రేకు తొక్కింది, మింగించుకుంది. "ఎడమవైపు చూడకుండా వస్తావేం?" అని తోడేలునే తిట్టింది. మళ్ళీ. జుట్టు ముడి ఊడింది, పట్టించుకోలేదు. మళ్ళీ. తోడేలు దూకే ముందు వెనకకాలు ముడుస్తుందని కనిపెట్టింది. కాలు ముడిస్తే పక్కకి, గాల్లో ఉంటే దెబ్బ, నేల తాకితే దూరం. చప్పుళ్ళాయన పిడికిలి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వాచ్‌మన్ ఒంటికాలి మీద నిలబడి ఆ సంగతే మరిచిపోయాడు. పక్కకి, దెబ్బ, దూరం. పక్కకి, దెబ్బ. తోడేలు తూలింది. గోడకు ఒరిగింది. నిలదొక్కుకుంది.

నోరు తెరిచింది.

వదిన కాలు బ్రేకు మీద బిగిసింది. రెండడుగులు వెనక్కి వేసింది. చెల్లెమ్మ మేస్త్రి వైపు చూసింది. ఇప్పుడు పరుగెడుతుంది. అందరూ ఇక్కడే పరుగెత్తారు.

పరుగెత్తలేదు. ఆగింది. తోడేలూ ఆగి ఉంది. చెవులు వాలి ఉన్నాయి. గదిలో ఊపిరి ఒక్కటే, లోపలికీ, బయటికీ.

వదిన కత్తి ఎత్తింది. వెయ్యబోయి ఆపింది.

"నోరు తెరుచుకుని నిలబడతావేం? తినాలనుకుంటే ఈపాటికి తిని ఉండేదానివి."

ఫెన్రిర్ చూస్తూనే ఉంది.

"ఏం కావాలో చెప్పి చావచ్చుగా," అంది వదిన.

ఇంట్లో అన్నయ్య వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి ఏమీ అడక్కుండా నిలబడినప్పుడల్లా ఆమె అనే మాటే అది. అన్నాక ఆమెకే వినబడింది. చెల్లెమ్మ నాలుక చివర 'చెయ్యి పెట్టు' అన్న మాట వచ్చి నిలబడింది. పళ్ళు బిగించి దాన్ని మింగేసింది. ఇప్పుడు చెబితే తోడేలు ఉండదు. చెప్పకపోయినా ఉండకపోవచ్చు.

వదిన కాలు నెమ్మదిగా నేల మీదనుంచి లేచింది. ముందుకు ఒక అడుగు. ఇంకొకటి. బొటనవేలు మీటల మీద తడుముకుంటూ వెళ్ళి, తలుపు తీసిన మీట దగ్గర ఆగింది.

నొక్కింది.

కత్తి మంచులో పడింది. చెయ్యి చాచి లోపలికి వెళ్ళింది, మోచేతి దాకా. తోడేలు కళ్ళు మూసుకుంది. అప్పుడు ఎడమచేతికి మొదటినుంచీ చుట్టి ఉన్న ఆ పట్టుదారమంత తాడు తనంతట తానే లేచి, కాళ్ళ చుట్టూ, మెడ చుట్టూ, వెలుగులా పరుగెత్తింది. గుహ కప్పు దద్దరిల్లింది. తోడేలు ఒళ్ళు విరుచుకుంది. ఇనుప గొలుసులు తెంపిన ఒళ్ళు. తాడు తెగలేదు. దవడలు మూసుకున్నాయి. తెర ఒక్కసారి ఎర్రబడి, తెల్లబడి, మంచు కురుస్తూ ఉండిపోయింది. ఆ మంచులో ఫెన్రిర్ కట్లతో పడుంది.

వాచ్‌మన్ రెండో కాలు నేలకు ఆనించాడు. చప్పుళ్ళాయన కళ్ళు తుడుచుకుని, తుడుచుకోనట్టు జేబులో చేతులు పెట్టుకున్నాడు.

వదిన కంట్రోలర్ అటూ ఇటూ నొక్కి చూసింది. కుడివైపు మీటలు పలకడం లేదు.

"ఇదేంటి, చెయ్యి మళ్ళీ రాదా?"

"రాదమ్మా," అన్నాడు మేస్త్రి.

"మరి మిగతా ఆటంతా ఎట్లా?"

"ఎడమచేత్తోనే. మొదట్లో తడబడతారు. కత్తి పట్టు కొత్తగా ఉంటుంది. వాడు అంతా ఒంటిచేత్తో ఆడేలాగే అమర్చాడు, దారులన్నీ."

వదిన కంట్రోలర్‌ను ఎడమచేతికి సర్దుకుని, పడిన కత్తిని వంగి తీసుకుంది. మొదటిసారి జారింది. రెండోసారి నిలిచింది.

"రేపు పంపించేద్దాం, చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి. "ఇది ఇట్లాగే పోతుంది. ఒక్క వెంట్రుక ముట్టుకోను."

చెల్లెమ్మ సరేనంది. ఇక చేర్చడానికి దానిలో ఏమీ లేదు. ఆమె ముక్కాలిపీట లాక్కొచ్చి వదిన పక్కన కూర్చుంది.

గుహ బయట తెల్లారుతోంది. మంచు కొండల మీద సూర్యుడు ఎన్నడూ లేనంత తొందరగా పరుగెడుతున్నాడు. దూరంగా అతని వెనక ఒక నల్లటి చుక్క. అటువైపు చంద్రుడి వెనక ఇంకొకటి. చుక్కలు పెద్దవవుతున్నాయి. వాటికి కాళ్ళున్నాయి.

"ఇవేంటే?" అంది వదిన, కుర్చీ అంచుకు జరుగుతూ.

"దాని పిల్లలు. ఒకటి సూర్యుణ్ణి తరుముతుంది, ఇంకోటి చంద్రుణ్ణి."

"పట్టుకుంటే?"

"లోకం చీకటైపోతుంది."

"మరి చెప్పవేం," అని వదిన ఎడమచేత్తో కత్తి ఎత్తి, మంచు వాలులోకి పరుగెత్తింది.